పళ్ళ బావ, పరాయి బండి

మా బావ జీవితంలో ఒక్కటంటే ఒక్కటే దొంగతనం చేశాడు. పట్టపగలు, నడిబజారులో, కూతవేటు దూరంలో పోలీసాయన గొడుగేసుకుని నిలబడి ఉండగా, ఒక మోటారుసైకిలు ఎత్తుకుపోయాడు. ఊరికే పోలేదు. పోతూ పోతూ ముప్పై రెండు పళ్ళు అక్కడే వదిలేసి పోయాడు.

దొంగలు వేలిముద్రలు వదలడం విన్నాను. చెప్పులు వదలడం విన్నాను. పళ్ళు వదిలిన దొంగ మా ఇంట్లో తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేడని రొమ్ము విరుచుకుని చెప్పగలను. అక్క మొగుడు కాబట్టి ఆ ఘనతలో సగం వాటా నాది. లెక్కలు మాత్రం నన్ను అడక్కండి. లెక్కల మాస్టారికీ నాకూ పడక పదో తరగతి మధ్యలోనే బడికి దణ్ణం పెట్టి బయటికొచ్చినవాణ్ణి.

ముందు మనిషి సంగతి చెప్తాను. మా బావ కట్టుడు పళ్ళు తయారు చేస్తాడు. ఇస్త్రీ కొట్టు వెనకాల ఒక చిన్న గది ఆయన కార్ఖానా. పళ్ళ డాక్టరమ్మ రోగి నోటి అచ్చు తీసి ఇస్తే, బావ అందులో ప్లాస్టరు పోసి దవడ చేస్తాడు. దాని మీద గులాబీరంగు మైనంతో చిగుళ్ళు కట్టి, ఒక్కొక్క పన్నూ నారు నాటినట్టు నాటుతాడు. గది గోడల నిండా చెక్కలు, చెక్కల నిండా తెల్లటి దవడలు. ఆ గదికి తాళం కూడా అక్కర్లేదు. ఒకసారి కన్నం వెయ్యడానికి వచ్చిన దొంగ కిటికీలోంచి తొంగిచూసి, అన్ని దవడలు ఒక్కసారిగా తనని చూసి నవ్వేసరికి వృత్తి మానేసి కూరగాయల బండి పెట్టుకున్నాడు. కావాలంటే చూపిస్తాను, వంకాయలు తూకం తక్కువ వేస్తాడు.

బావ ఎవరితో మాట్లాడినా కళ్ళలోకి చూడడు, పళ్ళలోకి చూస్తాడు. మా అక్కని మొదటిసారి కలిసినప్పుడు అరగంట మౌనంగా కూర్చుని, చివరికి, "కింది వరసలో ఒకటి పక్కకి తిరిగింది. మీ మొహానికి అదే అందం" అన్నాడట. అప్పటిదాకా ఆ పన్ను దాచుకోవడానికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్విన మా అక్క, ఆ రోజు నుంచి నోరంతా తెరిచి నవ్వుతోంది. నోరంతా తెరిచి తిడుతుంది కూడా, అది వేరే సంగతి.

ఇక బండి. చిన్న బండి, వంద సీసీది. నల్లరంగు, ట్యాంకు మీద ఎర్రగీత. మా ఊళ్ళో సగం మందికి అదే బండి, అదే రంగు, అదే గీత. మిగతా సగం అదే కొనబోతున్నవాళ్ళు. బావ దాని మీదే అచ్చులు తెస్తాడు, దాని మీదే పళ్ళు ఇచ్చి వస్తాడు. ముప్పై దాటించడు. మైనం మీద నాటిన పళ్ళు పక్కడబ్బాలో ఉంటాయి, కుదుపుకి ఒక్క పన్ను జరిగినా రోగి నోట్లో పైవరసా కిందివరసా కలవవని ఆయన భయం. డబ్బాలో ఏమీ లేనప్పుడు కూడా ముప్పై ఎందుకు దాటవంటే, "అలవాటు తప్పకూడదు" అంటాడు. ఒకసారి నేను వెనక కూర్చుని వెళ్తుంటే, రోడ్డు పక్కన నడిచిపోతున్న తెలిసినాయన పలకరించాడు. కబుర్లాడుకుంటూ వీధి చివరిదాకా కలిసే వెళ్ళాం. అక్కడ ఆయన, "కాస్త తొందర పనుంది, నేను ముందు వెళ్తాను, ఏమనుకోకండి" అని సెలవు తీసుకున్నాడు.

ఆ బండికి హారను చచ్చిపోయి చాలా ఏళ్ళయింది. బావ దానికి బదులు దగ్గుతాడు. ఆ దగ్గు మా వీధిలో పిల్లలకీ కుక్కలకీ కూడా తెలుసు, తప్పుకుంటాయి. తాళంచెవి సంగతి చెప్పనే అక్కర్లేదు. అరిగి అరిగి గరిటె కాడలా నున్నగా అయిపోయింది. మా అక్క ఇనప బీరువా చెవి పోతే దాంతోనే తీస్తుంది. అద్దాలు రెండూ ఎప్పుడో రాలిపోయాయి. "వెనక వచ్చేవాళ్ళు నన్ను చూసుకుంటారు, నేను ముందువాళ్ళని చూసుకుంటాను" అనేది బావ సిద్ధాంతం.

ఆ వానాకాలం బండి మొండికేసింది. నాలుగు రోడ్ల కూడలికి వచ్చేసరికి ఆగిపోయేది. మెకానిక్కు చెవి పెట్టి విని, "ఇక్కడ వదిలెయ్యండి, విప్పి చూడాలి" అన్నాడు. వదిలిపెట్టడానికి బావకి మనసొప్పలేదు. సెలవు రోజున ఇంటి ముందు పాత దుప్పటి పరిచి తనే విప్పడం మొదలుపెట్టాడు.

"ఏమండీ, పళ్ళు కట్టే చేత్తో బండి విప్పుతారా?" అంది అక్క.

"రెండూ అరుగుతాయి. రెండింటినీ తోముకోవాలి. తేడా ఏముంది?"

"తేడా ఏమీ లేదు. రేపు డాక్టరమ్మ రోగుల నోట్లో పెట్రోలు పొయ్యకుండా ఉంటే చాలు."

బావ చిగుళ్ళ సందులు గీసే సన్నటి పనిముట్లతో కార్బురేటరు సందులు గీశాడు. పళ్ళకి మెరుగుపెట్టే పిండితో ట్యాంకు రుద్దాడు. సాయంత్రానికి అంతా మళ్ళీ బిగించి చేతులు తుడుచుకుని లేచాడు. దుప్పటి దులపబోతే టింగుమని ఒక స్క్రూ కిందపడింది.

అక్క దాన్ని వేళ్ళతో పైకెత్తి చూపించింది. "ఇది ఎవరిదండీ?"

బావ బండి చుట్టూ రెండు ప్రదక్షిణలు చేశాడు. ఖాళీ ఎక్కడా కనిపించలేదు.

"కంపెనీవాళ్ళు ఒకటి ఎక్కువే వేస్తారు" అన్నాడు.

అక్క ఆ స్క్రూని వంటింట్లో ఉప్పుడబ్బా పక్కన చిన్న గిన్నెలో వేసింది. మర్నాడు పొద్దున బండి తన్నగా తన్నగా లేచి, వీధి మలుపు దాటకుండానే దగ్గింది. ఈసారి దగ్గింది బావ కాదు, బండే. ఆయన దిగి, మళ్ళీ తన్ని, ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయాడు.

సరిగ్గా ఆ రోజే మామ్మగారి పళ్ళు అందాలి.

ఈ మామ్మగారు డాక్టరమ్మ దగ్గరికి వచ్చే మనిషి. పాత కట్టుడు పళ్ళు చేతిలోంచి జారి గచ్చు మీద రెండు ముక్కలయ్యాయి. కొత్తవి చేసేలోగా, ఎన్నో ఏళ్ళుగా మాటల్లేని వాళ్ళ అక్కగారి నుంచి కబురొచ్చింది, ఒకసారి వచ్చి వెళ్ళమని. ఆ సాయంత్రం రైలుకే ప్రయాణం. కొలతలు తీసుకునేటప్పుడు బావ కూడా అక్కడే ఉన్నాడు. మామ్మగారు బోసినోటికి చీరకొంగు అడ్డం పెట్టుకుని తేల్చి చెప్పేసింది.

"చిన్నప్పట్నుంచీ మా అక్క నన్ను నోరుగల్లదీ నోరుగల్లదీ అని ఆడిపోసుకునేది. ఇప్పుడీ బోసినోరేసుకుని దాని ఎదట నిలబడితే, నీ నోరు పడిపోయిందే అని నవ్వుతుంది. పళ్ళుంటే రైలెక్కుతా. లేదా టికెట్టు చింపేస్తా. ఒకసారి చింపానంటే మళ్ళీ వెళ్ళను, నా సంగతి నాకు తెలుసు."

డాక్టరమ్మ నవ్వింది గాని, బావ నవ్వలేదు. "మీ పాత ఫొటో ఏదైనా ఉందా అమ్మా?" అని అడిగాడు. అక్కచెల్లెళ్ళిద్దరూ జడలేసుకుని నిలబడ్డ ఫొటో ఒకటి ఆవిడ సంచీలోనే ఉంది. అందులో మామ్మగారి పైపన్ను ఒకటి పక్కదాని మీదికి కాస్త ఎక్కి ఉంది. బావ దాన్ని భూతద్దం పెట్టి చూసి, కొత్త సెట్టులో కూడా ఆ పన్నుని అలాగే ఎక్కించాడు. "అన్నీ వరసగా పెడితే వాళ్ళక్క గుర్తుపట్టదు" అన్నాడు నాతో. ఇంతటి చూపున్న మనిషి ఆ మధ్యాహ్నం ఏం చేశాడో చూడండి.

పళ్ళ డబ్బాని బండి పక్కడబ్బాలో పెట్టుకుని ఆసుపత్రికి బయల్దేరాడు. దారిలో ప్లాస్టరు బస్తా కోసం సామాన్ల కొట్టు ముందు ఆగాడు. కొట్టు ముందు బళ్ళు బారులు తీరి ఉన్నాయి. బావ లోపల ఉండగా సరుకుల వ్యాను వచ్చిందని, హమాలీ ఆ బళ్ళన్నిటినీ అటూ ఇటూ జరిపాడు. చినుకులు మొదలయ్యాయి. సీట్లు తడవకుండా అందరూ కప్పే ప్లాస్టిక్ సంచినే బావ కూడా లోపలికి వెళ్ళేముందే కప్పి ఉన్నాడు. బస్తా భుజానేసుకుని తలొంచుకుని వచ్చిన మనిషి, తను బండి పెట్టిన చోటికే వచ్చి, అక్కడున్న నల్లబండి మీద, ఎర్రగీత మీద బస్తా దించి, ఆ నున్నటి చెవి పెట్టి తిప్పాడు. తిరిగింది. తన్నాడు.

ఒక్క తన్నుకే లేచింది.

మగవాడికి గర్వం వచ్చినప్పుడు కళ్ళు పనిచెయ్యవు. బండికి రెక్కలు మొలిచినా, నిన్న బాగా తోమాను గదా అనుకుంటాడు. బ్రేకు పట్టింది, తన పనితనమే అనుకున్నాడు. కూడలిలో ఆగలేదు, తన పనితనమే. బస్తా మూల తగిలి హారను మోగింది. అదీ తన పనితనమే. చేతిలో ఇంకా చాలా టైముంది, ఇల్లు దగ్గర్లోనే ఉంది. పుట్టి బుద్ధెరిగాక మా బావ పని మధ్యలో ఇంటికి వచ్చింది ఆ ఒక్కరోజే. మా అక్కకి చూపించుకోవడానికి వచ్చాడు.

నేను అరుగు మీద పేపరు చదువుతున్నాను. వీధి మొదట్లో హారను వినిపించింది. ఎవరో అనుకున్నాను. బావ. మొహం చూస్తే నోబెలు బహుమతి తెచ్చినట్టుంది.

"ఏమే, ఇలా రా" అని పిలిచాడు. అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చింది. బావ ఇంజను ఆపి, మళ్ళీ ఒక్క తన్ను తన్ని లేపి చూపించాడు. హారను రెండుసార్లు కొట్టాడు. వీధి కుక్క లేచి, ఇదెవరో కొత్తవాడని మొరిగింది. కుక్కకి తెలిసింది, చూడండి.

"ఆ స్క్రూ పారెయ్యి. అది అక్కర్లేనిదే" అన్నాడు బావ.

అక్క బండిని ముందు నుంచి చూసింది, పక్క నుంచి చూసింది. "అన్నీ బాగానే ఉన్నాయి గానీ, మన బండికి అద్దాలు ఎప్పుడు మొలిచాయండీ?"

బావ అద్దంలోకి చూశాడు. అద్దంలో బావే ఉన్నాడు. కాస్త పాలిపోయి ఉన్నాడు.

పక్కడబ్బా తెరిచాం. అందులో కూడా చెవి నున్నగా తిరిగింది. లోపల పళ్ళు లేవు. ఆకురాయి ఒకటి, చిన్న సుత్తి ఒకటి, ఇనప రింగుకి గుచ్చిన తాళంచెవులు బోలెడు.

"ఇదెవరి బండి బావా?" అన్నాను.

బావ నా మాట వినలేదు. "మామ్మగారు టికెట్టు చింపేస్తుంది" అన్నాడు.

"ముందు బయల్దేరండి" అంది అక్క. "ఒరేయ్, నువ్వూ వెనక కూర్చో. తంతే ఇద్దరూ పంచుకోండి."

ఆ ప్రయాణం గురించి నేను చెప్తే అతిశయోక్తి అంటారు. ముప్పై దాటాడు. నలభై దాటాడు. రోడ్డు మీద గుంటలు మమ్మల్ని చూసి పక్కకి జరిగాయి. పరాయి బండి హారను కొట్టడం మరిచిపోయి దారి పొడుగునా దగ్గుతూనే నడిపాడు.

కొట్టు ముందు జనం మూగి ఉన్నారు. మధ్యలో మా బావ బండి మీద కాలు మీద కాలేసుకుని ఒక బక్కపలచటాయన. తాళాలు బాగుచేసే ఆయన, బజారు చివర ఆయన కొట్టు నేను చూశాను. బండి పోయిందని చూసుకుని, దాని పక్కనే దిక్కులేకుండా నిలబడ్డ ఈ కవలబండి పక్కడబ్బాని క్షణంలో తీశాడు, వృత్తి అదే కదా. తీస్తే పళ్ళు. ఇప్పుడు ఆ పళ్ళని అరచేతిలో పెట్టుకుని అందరికీ చూపిస్తున్నాడు.

"తొందరలో పళ్ళు మరిచిపోయి పారిపోయాడు వెధవ" అంటున్నాడు ఒకాయన.

"అయితే బోసినోటివాడి కోసం వెతకండి. ఎంత దూరం పోతాడు?"

"బోసినోటివాడు బండి నడపగలడా?"

"నడపడానికి పళ్ళెందుకయ్యా?"

బావ జనాన్ని తోసుకుంటూ వెళ్ళాడు. క్షమించండి అనలేదు. పొరపాటైంది అనలేదు.

"పళ్ళు అలా పట్టుకోకూడదు" అన్నాడు. "పై సెట్టు అరచేతిలో పెట్టి నొక్కకండి."

తాళాలాయన తన బండిని చూశాడు, బావని చూశాడు. "ఓహో, తమరేనా? నోరు తెరువు." బావ తెరిచాడు. "నీ పళ్ళు నీకున్నాయి. మరి ఇవెవరివి? దారిన పోయేవాళ్ళవి ఊడబెరుక్కుపోతున్నావా?"

నేను మధ్యలో దూరి జరిగిందంతా విప్పి చెప్పాను. స్క్రూ సంగతి కూడా చెప్పాను. జనం నవ్వారు. అప్పటికి పోలీసాయన గొడుగు మడుచుకుంటూ వచ్చి, "ఏంటి గొడవ? ఫిర్యాదేమైనా ఉందా?" అన్నాడు.

బావ ఆ పళ్ళ వంకే చూస్తున్నాడు. తాళాలాయన మాత్రం చప్పున లేచి నిలబడ్డాడు.

"ఏం గొడవ లేదండీ. నా స్నేహితుడే. ఒకరి బండి ఒకరం నడుపుకుంటాం."

పోలీసాయన అటు వెళ్ళగానే బావ చెవిలో పళ్ళు నూరాడు. "నా బండి తాళం గరిటె కాడలాంటి చెవితో తీశారని కేసుకెక్కితే, రేపట్నుంచి నా కొట్టు గడప ఎవడు తొక్కుతాడయ్యా? అందుకని స్నేహితుడివయ్యావు. మళ్ళీ నాకు కనపడకు."

"కనపడను. ముందు ఆ పళ్ళివ్వండి. ఒకావిడ రైలెక్కాలి" అన్నాడు బావ. తన బండి ఎక్కి తన్నాడు. తన్నాడు. ఇంకా తన్నాడు. కూడలిదాకా కాదు గదా, కొట్టు ముందు నుంచి అంగుళం కదల్లేదది.

తాళాలాయన కాసేపు చూశాడు. చేతిలో పళ్ళున్నాయి కదా, వాటి వంక కూడా చూశాడు. "ఈ పన్నేంటి, దాని మీదికి ఎక్కింది? చేత కాలేదా?"

"ఆవిడకి చిన్నప్పుడు అలాగే ఉండేది. వాళ్ళక్క గుర్తుపట్టాలని పెట్టాను."

తాళాలాయన తన బండి చెవి తీసి బావ చేతిలో పెట్టాడు. "ఈసారి నేనిస్తున్నాను. ఇచ్చి పుచ్చుకుంటే దొంగతనం కాదు. నడుపు, నేను వెనక కూర్చుని పళ్ళు పట్టుకుంటా. నిన్ను నమ్మి ఒంటరిగా పంపే ప్రసక్తే లేదు."

వాళ్ళిద్దరూ వెళ్ళిపోయారు. నాకు మిగిలింది బావ బండి. దాన్ని నేను ఒంటిచేత్తో, పాట పాడుకుంటూ ఆసుపత్రిదాకా తోసుకెళ్ళాను. దారి పల్లమని కొందరు అంటారు, పట్టించుకోకండి.

నేను వెళ్ళేసరికి మామ్మగారు కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్ళో సంచీ, వేళ్ళ మధ్య టికెట్టు. చింపడానికి పట్టుకున్నట్టే పట్టుకుంది. కడిగిన పళ్ళు అప్పుడే నోట్లో పెట్టారు. డాక్టరమ్మ గోడ గడియారం వైపు చూస్తోంది. తాళాలాయన గుమ్మం దగ్గర అసహనంగా అటూ ఇటూ తిరుగుతున్నాడు. తొందరపడనివాడు బావ ఒక్కడే. తగిలిన చోట మచ్చ పడే నీలం కాగితం ముక్క పెట్టి, "కొరకండమ్మా... ఇప్పుడు పక్కకి... ఎక్కడ తగులుతోంది?" అంటూ, పళ్ళు బయటికి తీసి ఒక చోట రవ్వంత గీకాడు. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ తీశాడు.

"బాగానే ఉన్నాయి నాయనా, రైలు పోతుంది" అంది మామ్మగారు.

"చిగురు ఒరుసుకుంటే దారిలోనే తీసి సంచీలో పడేస్తారు. అక్కడ దిగేటప్పటికి మళ్ళీ బోసినోరే" అన్నాడు బావ. ఇంకోసారి గీకాడు.

అప్పుడు అద్దం ఇచ్చారు. మామ్మగారు చూసుకుంది. పెదవి పైకెత్తి ఆ ఎక్కిన పన్నుని నాలుకతో తడిమింది. తరవాత అద్దంలోకే చూస్తూ, నెమ్మదిగా, ఒక్కొక్క అక్షరం విడదీసి పలికింది.

"ఏమే అక్కా, బాగా చిక్కిపోయావు."

టికెట్టు సంచీలో పెట్టేసుకుంది.

స్టేషనుకి బావే తీసుకెళ్ళాడు, తాళాలాయన బండి మీద, ముప్పై దాటకుండా. దారిలో మామ్మగారు, "నాయనా, దిగి తొయ్యమంటావా?" అని అడిగిందట. అయినా రైలు అందింది. కిటికీలోంచి ఆవిడ నవ్విన నవ్వు చూసి ఇంజను డ్రైవరు తెల్ల సిగ్నలు పడిందనుకుని వేళకి ముందే బండి కదిలించాడు. తెల్ల సిగ్నలు ఉండదని నాకూ తెలుసు. ఆయనకి ఆ రోజే తెలిసింది.

తరవాత సంగతులు పెద్దగా లేవు. మెకానిక్కు ఉప్పుడబ్బా పక్కనున్న స్క్రూని తీసుకెళ్ళి ఒక చోట బిగిస్తే బండి మామూలైంది. "మళ్ళీ కనపడకు" అన్న తాళాలాయన తనే వచ్చి బావ బండికి కొత్త తాళం వేసి, పాత చెవి పట్టుకుపోయాడు. ఇప్పుడు బండి బాగానే ఉంది గాని బీరువా తెరుచుకోదు. అక్క రోజూ ఆయన్ని తలుచుకుంటుంది. ఎలా తలుచుకుంటుందో రాయకూడదు. బావ కూడా ఒక జాగ్రత్త పడ్డాడు. గులాబీరంగు చిగురులో ఒక్క పన్ను నాటి, దాన్ని గట్టిపరిచి, ట్యాంకు మీద ఎర్రగీత పక్కన అతికించాడు. ఇప్పుడు ఆ బండిని ఏ వరసలో పెట్టినా అదొక్కటే నవ్వుతూ ఉంటుంది.

మామ్మగారు తిరిగొచ్చేటప్పుడు ఒంటరిగా రాలేదు. వాళ్ళక్కని వెంటబెట్టుకొచ్చింది. ఆ పెద్దావిడ డాక్టరమ్మ గదిలో కుర్చీ ఎక్కి కొంగు తీస్తే, ఆవిడదీ బోసినోరే. అందుకేనట, చెల్లెలు నవ్వుతుందని ఇన్నాళ్ళూ రమ్మనలేకపోయింది. స్టేషనులో చెల్లెల్ని దూరం నుంచే ఆ పన్ను చూసి గుర్తుపట్టిందట. "దీనికి వేసిన చేత్తోనే నాకూ వెయ్యాలి. దానికంటే ఒక పన్ను ఎక్కువే వెయ్యాలి" అంది బావతో.

ఇదంతా రాసి మొన్న బావకి చదివి వినిపించాను. ఆయన కార్ఖానాలో కూర్చుని పెద్దావిడ దవడకి మెరుగు పెడుతున్నాడు. దొంగ అన్నందుకు ఏమీ అనలేదు. దారిన పోయేవాడు మమ్మల్ని దాటిపోయాడన్నా కాదనలేదు. తెల్ల సిగ్నలు దగ్గర కూడా తలెత్తలేదు. అంతా అయ్యాక దవడని వెలుతురుకి ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసి అన్నాడు:

"ముప్పై రెండు కాదు, ఇరవై ఎనిమిది. కట్టుడు సెట్టులో జ్ఞానదంతాలు పెట్టం."